కూలీలు దొరకని ఊళ్ళో పని లేని యువకులు

2020 మే 1న హైదరాబాద్ శివారులోని లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు బయలుదేరింది. లాక్‌డౌన్‌లో చిక్కుకుపోయిన వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చడానికి దేశంలో నడిచిన మొదటి శ్రామిక్ రైలు అదే. దేశమంతటా కూలీలు కాలినడకన ఊరి దారి పడుతున్న ఆ రోజుల్లోనే, సరిగ్గా వారం తిరిగేసరికి, అదే లింగంపల్లికి బీహార్‌లోని ఖగరియా నుంచి ఒక ఎదురు రైలు వచ్చింది. అందులోంచి దిగిన రెండు వందల పైచిలుకు మంది తెలంగాణ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు. యాసంగి వరి కోతలు ముమ్మరంగా సాగుతూ, కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు చేరిన ధాన్యాన్ని దించే మనుషులు లేక ఇబ్బంది పడుతున్న సమయం అది. ఆ మిల్లుల చుట్టుపక్కల ఊళ్ళలో యువకులకు కొదవేమీ లేదు. కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, ప్రైవేటు ఉద్యోగాలు మూతపడి ఇళ్ళకు చేరిన వాళ్ళతో ఊళ్ళు ఆ నెలలో అంతకు ముందెన్నడూ లేనంత నిండుగా ఉన్నాయి. అయినా బస్తా ఎత్తడానికి బీహార్ నుంచి మనిషి రావలసి వచ్చింది.

తెలుగు పల్లెల్లో కొన్నేళ్ళుగా రెండు ఫిర్యాదులు పక్కపక్కనే వినిపిస్తున్నాయి. కూలీలు దొరకడం లేదన్నది ఒకటి, పిల్లలకు పనుల్లేవన్నది రెండోది. నాట్ల సమయంలో మొదటి మాట అన్న రైతే, సాయంత్రం ఇంటికి వచ్చిన బంధువుతో తన కొడుకు గురించి రెండో మాట చెబుతాడు. ఈ రెండింటిలో ఏదో ఒకటి అబద్ధమై ఉండాలని పట్నంలో ఉన్నవాళ్ళకు అనిపిస్తుంది. అక్కడి నుంచి, ఈ కాలం కుర్రాళ్ళకు ఒళ్ళు వంగదన్న తీర్పుకు వెళ్ళడానికి ఎంతో దూరం లేదు. నిజానికి రెండు ఫిర్యాదులూ నిజమే. అవి ఒకే కారణం నుంచి పుట్టినవి కూడా.

వ్యవసాయంలో పని ఏడాది పొడవునా సమంగా పరచుకుని ఉండదు. వాన పడిన వారంలో ఊరంతా ఒకేసారి నాటుకు దిగుతుంది, పత్తి పగిలిన పక్షంలో ఊరంతా ఒకేసారి ఏరడానికి మనుషులను వెతుకుతుంది. ఆ కొద్ది రోజుల్లో కూలి రేటు పెరుగుతుంది, ట్రాలీ ఆటోలు పక్క మండలాల నుంచి ఆడవాళ్ళను ఎక్కించుకుని తిరుగుతాయి, ముందుగా మాట్లాడుకోని రైతుకు గుంపు దొరకదు. ఆ తర్వాత నెలల తరబడి అదే పొలంలో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. రైతుకు కావలసింది పది రోజుల మనిషి, యువకుడికి కావలసింది పన్నెండు నెలల పని. యంత్రాలు రాక ముందు ఆ పది రోజులు ముప్పై నలభై రోజులుగా ఉండేవి. కోత, మోపులు కట్టడం, కుప్ప వేయడం, నూర్పిడి, తూర్పారబట్టడం అన్నీ మనుషుల చేతుల మీదుగానే సాగేవి. ఇప్పుడు హార్వెస్టర్ ఎకరం వరిని గంట అటూ ఇటుగా కోసి, గింజలను తిన్నగా ట్రాక్టర్ ట్రక్కులోకి పోస్తోంది. ఇంత కుదించుకుపోయిన పనిదినాలను నమ్ముకుని ఎవరూ ఏడాది బతకలేరు. ఏడాది బతకడానికి ఇంకో దారి చూసుకున్నవాడు, ఆ పది రోజుల కోసం తిరిగి రాడు. కూలీల కొరతకు నిరుద్యోగం ఎలా కారణమవుతుందో ఇక్కడ తెలుస్తుంది.

ఈ సంగతి అధికారిక లెక్కల్లో సరిగ్గా కనబడదు. జాతీయ గణాంక కార్యాలయం జరిపే శ్రామిక శక్తి సర్వే ప్రకారం దేశంలో నిరుద్యోగ రేటు 2017-18లో 6.1 శాతం ఉండగా 2023-24 నాటికి 3.2 శాతానికి తగ్గింది. 15 నుంచి 29 ఏళ్ళ వయసు వారిలో అదే కాలంలో 17.8 నుంచి 10.2 శాతానికి దిగింది. తగ్గిన మాట నిజమే గానీ, ఈ లెక్కలో ‘పని’ అంటే ఏమిటో తెలియకుండా అంకె ఒక్కదాన్నీ చదవడం ప్రమాదం. ఈ రేటుకు ఆధారమైన ‘సాధారణ స్థితి’ లెక్కలో, ఏడాదిలో ముప్పై రోజుల పాటు ఏదైనా అనుబంధ పని చేసిన వ్యక్తి కూడా పనిలో ఉన్నవాడి కిందే వస్తాడు. ఆ పనికి డబ్బు ముట్టి ఉండాలన్న నియమం లేదు. తండ్రి పొలానికి నీళ్ళు కట్టినా, ఇంటి కిరాణా కొట్టులో కూర్చున్నా సరిపోతుంది. డిగ్రీ అయిపోయి నాలుగేళ్ళుగా పోటీ పరీక్షలకు చదువుతూ, సీజన్లో నెల రోజులు ఇంటి పొలం పనికి సాయపడే యువకుడు ఈ లెక్క ప్రకారం ఉద్యోగస్థుడే.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఏ పనీ లేకుండా ఖాళీగా ఉండాలంటే తిండి పెట్టే ఇల్లు వెనక ఉండాలి. అది లేనివాడు దొరికిన పనల్లా చేస్తాడు, అందుకే నిరుద్యోగుల జాబితాలోకే ఎక్కడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో భారతదేశపు ఉపాధి మీద వెలువరించిన నివేదికలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2022లో చదవడం, రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం ఉండగా, పట్టభద్రుల్లో అది 29.1 శాతం. చదువు పెరిగే కొద్దీ ఉద్యోగావకాశం పెరగాలన్న నమ్మకం మీదే గత ముప్పై ఏళ్ళలో తెలుగు పల్లె కుటుంబాలు అప్పులు చేసి మరీ పిల్లలను చదివించాయి. చదువు వల్ల పెరిగింది అవకాశం కాదు, ఆగి చూసే ఓపిక. ఆ ఓపికకయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది కాస్త తర్వాత చూద్దాం.

ముందు పొలం లెక్క చూడాలి. 1970-71 వ్యవసాయ గణన నాటికి దేశంలో సగటు కమతం 2.28 హెక్టార్లు. 2015-16 గణన నాటికి అది 1.08 హెక్టార్లకు చేరింది. తెలంగాణలో ఒక హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే కొంచెం తక్కువ. అంటే రెండున్నర ఎకరాలు. ఇద్దరు కొడుకులు పంచుకుంటే ఎకరంపావు చొప్పున వస్తుంది. అన్నదమ్ములిద్దరూ దాని మీదే బతకాలనుకోవడంలో అర్థం లేదని ఆ ఇంట్లో అందరికన్నా ముందు తెలిసేది తండ్రికే. రైతు కుటుంబాల ఆదాయ వ్యయాల మీద 2018-19 వ్యవసాయ సంవత్సరానికి జరిగిన జాతీయ నమూనా సర్వే ఈ మాటనే అంకెల్లో చెప్పింది. వ్యవసాయ కుటుంబపు సగటు నెల ఆదాయం 10,218 రూపాయలు కాగా, అందులో పంటల ద్వారా వచ్చింది 3,798 రూపాయలు, కూలి, జీతాల ద్వారా వచ్చింది 4,063 రూపాయలు. ఆరేళ్ళ ముందు, 2012-13లో, పంట ఆదాయానిదే పెద్ద వాటా. ఆ మధ్య కాలంలో ఎక్కడో ఒకచోట, సగటున చూస్తే, భారతీయ రైతు పంట మీద కంటే ఇతరుల దగ్గర చేసే పని మీదే ఎక్కువ ఆధారపడే మనిషిగా మారిపోయాడు. దాన్ని గుర్తుచేసే తేదీ ఏదీ క్యాలెండర్లలో లేదు. అదే సర్వేలో రైతు కుటుంబపు సగటు అప్పు దేశం మొత్తానికి 74,121 రూపాయలుంటే తెలంగాణలో 1,52,113, ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు ఉంది. రాష్ట్రాలన్నిటిలోకీ అప్పు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్ రైతుకే. అయితే ఈ అప్పంతా ఎరువుల కోసం, బోర్ల కోసం చేసిందే అనుకుంటే పొరపాటు. పిల్లల చదువు, పెళ్ళి, ఆసుపత్రి కూడా అదే పాస్ పుస్తకం మీద నడుస్తాయి.

నీళ్ళొస్తే ఈ స్థితి మారుతుందన్న ఆశకు తెలంగాణ అనుభవం ఒక పరీక్షలాంటిది. చెరువుల పూడికతీత జరిగింది, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది, కాలువల కింద ఆయకట్టు పెరిగింది. 2014-15లో ప్రభుత్వం కొన్న ధాన్యం 24 లక్షల టన్నులైతే 2020-21లో అది 140 లక్షల టన్నులు దాటింది. ఒక రాష్ట్రం పంట ఇంత తక్కువ కాలంలో ఇన్ని రెట్లు పెరగడం మామూలు విషయం కాదు. కానీ ఆ పెరిగిన పంట వరి. పత్తితోనో మిరపతోనో పోలిస్తే మనిషి చెయ్యి తక్కువ అవసరమయ్యేది, యంత్రానికి బాగా లొంగేది వరి. దాని వెనక పుట్టిన ఉపాధి ట్రాక్టర్ యజమానికి, హార్వెస్టర్ డ్రైవర్‌కు, మిల్లరుకు, లారీకి, హమాలీకి దక్కింది. హమాలీ పని చాలావరకు బీహార్ వాళ్ళది. కొన్నేళ్ళుగా నాట్లకు కూడా బీహార్, పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి మగ కూలీల గుంపులు వచ్చి, ఎకరానికి ఇంతని గుత్తకు మాట్లాడుకుని, తాడు పట్టి వరుసగా నాటుతున్నాయి. నాటు అంటే ఆడవాళ్ళ పని అన్న లెక్క తెలుగు నేల మీద తరతరాలది. మగవాళ్ళు వంగి నాట్లు వేయడం చూడటానికి మొదట్లో ఊళ్ళో జనం గట్ల మీదికి చేరారంటే ఆశ్చర్యం లేదు.

యంత్రం మొదట మింగింది మగవాళ్ళ పనినే. దుక్కి, నూర్పిడి, పొలంలో మోపుల మోత పోయాయి. నాటు, కలుపు, పత్తి ఏరడం, మిరప కోయడం ఆడవాళ్ళ చేతుల్లో మిగిలాయి. అందులోనూ కలుపు తీత ఇప్పుడు మందు డబ్బాలోకి పోతోంది. కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనాలకు దేశంలో అనుమతి లేకపోయినా అవి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాటుమాటుగా వ్యాపించడానికి కారణం, కలుపు కూలి ఖర్చు తప్పించుకోవాలన్న రైతు ఆత్రమే. గ్రామీణ మహిళల్లో పనిలో ఉన్నవారు లేదా పని కోరుకునేవారు 2017-18లో 24.6 శాతం ఉంటే 2023-24కు 47.6 శాతానికి పెరిగారని సర్వే చెబుతోంది. ఇందులో ఎక్కువ భాగం స్వయం ఉపాధి పేరిట, ఇంటి పొలంలోనో ఇంటి కొట్టులోనో పనిచేసేవారిది. వారిలో కూలి ముట్టనివారే చాలామంది. మగవాడు బయటికి వెళ్ళిన ఇంట్లో పొలం ఆడమనిషి మీద పడుతుంది, పట్టా మాత్రం అతని పేరిటే ఉంటుంది, బ్యాంకులో సంతకం పెట్టడానికి అతనే రావాలి. తీరాంధ్రలో రొయ్యల శుద్ధి కేంద్రాలు, అచ్యుతాపురంలోని బట్టల తయారీ పరిశ్రమలు, శ్రీసిటీలో సెల్‌ఫోన్ తయారీ కర్మాగారాలు వేల మంది యువతులకు నెల జీతపు పని ఇచ్చాయి. ఊరి బాట మీద ఉదయం నిలబడి ఉండే కంపెనీ బస్సు ఆ ప్రాంతాల్లో ఆడపిల్లల పెళ్ళి వయసును ఒకటి రెండేళ్ళు పెంచిందంటే నమ్మవచ్చు. అయితే ఈ పనులు కూడా ఎంత బలహీనమైన దారానికి వేలాడుతున్నాయో 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల చెరువుల గట్ల మీద తెలిసొచ్చింది.

మళ్ళీ ఆ హమాలీ ప్రశ్నకు వద్దాం. పెరిగిన పంటలో బరువు మోసే పని ఉన్నప్పుడు స్థానిక యువకుడు దాన్ని ఎందుకు అందుకోలేదు? సోమరితనమన్న జవాబు తేలికైనది, తప్పుది. తెలంగాణ పల్లెల్లో ‘జీతం’ అన్న మాటకు పాత తరం వాళ్ళ నోట వేరే అర్థం ఉండేది. జీతం ఉండటం అంటే అప్పు కింద పెద్ద రైతు ఇంట ఏళ్ళ తరబడి కట్టుబడి పని చేయడం. కోస్తాలో పాలేరుతనం అన్నది దాని చుట్టమే. వెట్టి చాకిరీని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1976లో, అంటే ఇవాళ్టి ఇరవై ఏళ్ళ కుర్రాడి తాత పడుచువాడుగా ఉన్న రోజుల్లో. ఆ తాత జీతం ఉన్న పొలానికే మనవడు కూలికి వెళ్ళకపోవడంలో బద్ధకం కంటే జ్ఞాపకం ఎక్కువ. అదే ‘జీతం’ అనే మాట ఇప్పుడు నెల మొదట్లో బ్యాంకు ఖాతాలో పడే సొమ్ముకు పేరు. ఒక మాట అర్థం ఇలా తలకిందులు కావడానికి రెండు తరాలు పట్టింది, దాన్ని వెనక్కి తిప్పడానికి ఎవరూ సిద్ధంగా లేరు. భూమి ఉన్న కులాల యువకుడి సంగతి వేరు. అతనికి పొలం పని చేయడం సంబంధాలు రాకపోవడానికి కారణమవుతోంది. పదెకరాలున్న రైతు కంటే హైదరాబాద్‌లో అద్దె గదిలో ఉంటూ చిన్న కంపెనీలో చేసేవాడే నయమని ఆడపిల్లల తల్లిదండ్రులు అనుకుంటున్నారు. ఆ తల్లిదండ్రులూ రైతులే. పొలం పని ఎంత భారమో తెలిసినవాళ్ళు గనకే కూతుర్ని దానికి దూరంగా పంపాలనుకుంటున్నారు.

దూరంగా పంపే దారిగా చదువు నిలిచింది. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున అమలులోకి రావడంతో, ఇంజినీరింగ్ కాలేజీ గడప అంతకు ముందు తొక్కని కులాల, ఊళ్ళ పిల్లలు మొదటిసారి లోపలికి వెళ్ళారు. దాని విలువను తక్కువ చేయలేం. ఆ పథకంతో చదివి అమెరికా దాకా వెళ్ళిన వాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. మరోవైపు, ప్రభుత్వం కట్టే ఫీజు మీదే నడవడానికి పుట్టిన కాలేజీలూ వందల్లో వచ్చాయి. ఒక దశలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందల వరకు చేరాయి. ల్యాబ్ లేని, చెప్పేవాడు లేని కాలేజీ నుంచి బీటెక్ పట్టా, దాంతో పాటు నాలుగైదు బ్యాక్‌లాగులు పట్టుకుని వచ్చిన యువకుడికి ఐటీ కంపెనీ తలుపు తెరవదు. ఊళ్ళో పని అతని చదువుకు తగదు. మధ్యలో మిగిలింది ప్రభుత్వ ఉద్యోగం.

‘ప్రిపేర్ అవుతున్నాడు’ అన్న మాట తెలుగు పల్లెల్లో ఇప్పుడు ఒక వృత్తి పేరులాగా వాడుకలో ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ వీధులు ఆ వృత్తికి కేంద్రాలు. నలుగురు కలిసి ఉండే గది, నెలకు ఇంతని కట్టే స్టడీ హాల్, నగర కేంద్ర గ్రంథాలయంలో తెల్లవారకముందే పట్టుకోవలసిన కుర్చీ, మధ్యాహ్నం కార్పొరేషన్ వారి ఐదు రూపాయల భోజనం, చేతికందిన ప్రతి నోటిఫికేషన్‌కూ దరఖాస్తు. తెలంగాణలో గ్రూప్-4 కింద 8,039 పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 పోస్టులకు ప్రకటన వస్తే 3.8 లక్షల మంది ముందుకొచ్చారు. ఆ పరీక్ష ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగి, ప్రశ్నపత్రం లీకైందని తేలి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ జరిగి, నిర్వహణ లోపాల కారణంగా హైకోర్టు తీర్పుతో మళ్ళీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో పాత ప్రకటన ఎత్తేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ రాశారు. ఒకే పరీక్ష మొదటి మెట్టును రెండేళ్ళలో మూడుసార్లు ఎక్కిన అభ్యర్థికి వయసు మూడేళ్ళ వైపు జరిగింది, గది అద్దె మాత్రం నెలనెలా కట్టవలసే వచ్చింది.

ఆ అద్దె ఎక్కడి నుంచి వస్తుందన్నదే ఇందాక వాయిదా వేసిన ప్రశ్న. వలస అనగానే పట్నం నుంచి పల్లెకు వచ్చే మనియార్డరు గుర్తుకొస్తుంది. ప్రిపరేషన్ వలసలో డబ్బు ఎదురు దిశలో ప్రవహిస్తుంది. పత్తి అమ్మిన సొమ్ము, తల్లి ఉపాధి హామీ కూలి, డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పు, పాల బిల్లు, వీటన్నిటిలోంచి నెలకు కొన్ని వేలు ఫోన్‌పేలో అశోక్‌నగర్‌కు వెళ్తాయి. అప్పటికే దేశ సగటు కంటే ఎంతో ఎక్కువ అప్పుల్లో ఉన్న కుటుంబాలు, పోటీ పరీక్షల నగరంలోని ఇంటి యజమానులనూ మెస్‌లనూ కోచింగ్ సెంటర్లనూ పోషిస్తున్నాయి. గ్రామీణ ఆదాయాల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఖర్చు ఎవరి లెక్కలోనూ పడకపోవడం విచిత్రం. ఇంటికి తిరిగి వెళ్ళకపోవడానికి కారణం కూడా ఇదే. ఐదేళ్ళు పెట్టిన డబ్బు మీద ఆరో ఏడు వదులుకుని ఏ ముఖంతో వెళ్ళడమన్నది ఆ గదుల్లో ప్రతి ఒక్కరి ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఈ కథ కొంత వేరుగా నడిచింది. గ్రామ, వార్డు సచివాలయాల పేరిట ఒక్క విడతలో లక్షా ఇరవై ఆరు వేలకు పైగా శాశ్వత పోస్టులు ప్రకటిస్తే ఇరవై ఒక్క లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు 2 నుంచి సచివాలయాలు మొదలయ్యాయి. సొంత జిల్లాలో, చాలామందికి సొంత మండలానికి దగ్గరలో, నెల జీతపు ఉద్యోగం ఇంత పెద్ద సంఖ్యలో పల్లెకు రావడం అరుదైన సంగతి. దాని వెంటే నెలకు ఐదు వేల గౌరవ వేతనంతో రెండున్నర లక్షల మందికి పైగా వలంటీర్లను తీసుకున్నారు. ఐదు వేలు జీతం కాదని అందరికీ తెలుసు. కానీ ఇంట్లో ఉంటూ, పొలం చూసుకుంటూ, పరీక్షలకు చదువుకుంటూ, ఊళ్ళో నలుగురిలో ఒక గుర్తింపుతో గడపడానికి అది సరిపోయింది. ముఖ్యంగా పెళ్ళై ఊరు దాటలేని చదువుకున్న ఆడవాళ్ళకు అది మొదటి సొంత సంపాదన. ప్రభుత్వం మారాక 2024లో ఆ వ్యవస్థ ఆగిపోయింది. రాజకీయంగా దాని మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఇంత తక్కువ సొమ్ముకు అంతమంది చదువుకున్నవాళ్ళు వరస కట్టారన్న విషయం పల్లెల్లో నెల జీతపు కరువు ఎంత లోతైనదో చెబుతుంది.

చదువు దారి కాని వాళ్ళకు వలస దారి ఉంది. అది ఒక్కో ప్రాంతంలో ఒక్కో రూపంలో స్థిరపడింది. కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే ‘సుగ్గి’ పేరిట గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు వెళ్తాయి. పిల్లలు బడి మధ్యలో వదిలి వెంట వెళ్తారు. పాలమూరు మేస్త్రీల కింద ముందుగా అడ్వాన్సు పుచ్చుకుని దేశమంతా ప్రాజెక్టులు కట్టిన కూలీలు, నారాయణపేట, మక్తల్ నుంచి ముంబైకి బయలుదేరే బస్సులు తెలంగాణ వలసకు పాత గుర్తులు. శ్రీకాకుళం మత్స్యకారులు సొంత సముద్రం వదిలి గుజరాత్‌లోని వేరావల్‌లో పరాయి బోట్ల మీద కూలికి వెళ్తారు. 2018లో అలా వెళ్ళిన వారిని పాకిస్థాన్ పట్టుకోగా ఇరవై మంది 2020 జనవరిలో విడుదలై ఇల్లు చేరారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల యువకులకు దుబాయ్, కడప వైపు వారికి, గోదావరి జిల్లాల మహిళలకు కువైట్. ఏజెంటుకు కట్టిన వీసా డబ్బు తీరడానికే మొదటి ఏడాది రెండేళ్ళు పోతాయన్నది అక్కడ అందరికీ తెలిసిన లెక్క. అయినా ఊళ్ళో దొరికే పనికీ దానికీ మధ్య తేడా అంతకంటే పెద్దది.

ఈ పాత దారులకు కొత్తగా కలిసింది హైదరాబాద్‌లో యాప్ కంపెనీల డెలివరీలకు బండి మీద తిరిగే పని. ఫోన్, డ్రైవింగ్ లైసెన్స్, వాయిదాల మీద కొన్న బైకు ఉంటే రెండు రోజుల్లో మొదలయ్యే పని ఇంకొకటి లేదు. ఎవరి సిఫారసూ అక్కరలేదు, కులం అడిగేవాడు లేడు, ఊళ్ళో ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కరలేదు. పొలం కూలి కంటే ఎండలో తిరగడం సులువేమీ కాదు, సంపాదనలోంచి పెట్రోలు, వాయిదా పోగా మిగిలేదీ ఎక్కువ కాదు. కానీ దీన్ని యువకులు ఇష్టపడటంలో డబ్బు కంటే ఆ స్వేచ్ఛే పెద్దది. కాకపోతే ఆ స్వేచ్ఛ ఐడీ బ్లాక్ అయ్యేదాకానే. ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చెప్పే మనిషి ఎదురుగా ఉండడు. మేస్త్రీతో కనీసం పోట్లాడే వీలుండేది.

ఇంతమంది పలు దారుల్లో వెళ్ళినా పొలం ఖాళీగా లేదు, అమ్ముడుపోనూ లేదు. ఇక్కడే పల్లె జీవనాధారాల మార్పులో అందరూ దాటవేసే భాగం ఉంది. పంట మీద వచ్చే ఆదాయంతో ఎన్నటికీ కొనలేనంత ధరకు భూమి చేరింది. హైవే పక్కన, ప్రాంతీయ వలయ రహదారి వస్తుందన్న మాట వినిపించిన చోట, ఎకరం ధర నిర్ణయించేది దాని దిగుబడి కాదు. అందువల్ల సేద్యం వదిలేసినవాడు భూమిని వదలడు, కౌలుకిస్తాడు. సేద్యం చేయాలనుకునే భూమి లేని యువకుడు కొనలేడు, కౌలుకు తీసుకుంటాడు. 2018లో మొదలైన రైతుబంధు సాయం పట్టాదారు ఖాతాలోకే వెళ్ళింది, తర్వాత వచ్చిన రైతుభరోసా కూడా పట్టానే చూస్తోంది. కౌలు రైతుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2011లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చట్టాలు వచ్చినా, గుర్తింపు కార్డు మీద బ్యాంకు అప్పు పుట్టడం ఇప్పటికీ కష్టమే. కౌలు కాగితం రాసిస్తే భూమి పోతుందేమోనన్న భయం యజమానిది, అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనన్న భయం కౌలుదారుది. వ్యవసాయంలోకి యువత రావాలని సభల్లో చెప్పేవారు ఈ ఒక్క చిక్కుముడి జోలికి ఎందుకో వెళ్ళరు. ఎరువుల దుకాణం, ట్రాక్టర్ కిరాయి, డ్రోన్‌తో మందు కొట్టడం లాంటి పనుల్లో స్థిరపడ్డ యువకులు ఊళ్ళలో కొందరున్నారు. వాళ్ళలో చాలామందికి వెనక సొంత భూమి తనఖా ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఇంత మార్పులో పల్లెను కూలిపోకుండా పట్టి ఉంచినవాటిలో ఉపాధి హామీ ఒకటి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకాన్ని ఊళ్ళలో చాలాచోట్ల ‘కరువు పని’ అంటారు. ఆ పేరులోనే జనం దాన్ని ఎలా చూశారో ఉంది. అది కరువులో ఆదుకునే పనే తప్ప బతుకు నడిపే ఉద్యోగం కాదు. 2020-21లో పట్నాలు మూతపడినప్పుడు దేశవ్యాప్తంగా 389 కోట్ల పనిదినాలు దాని కింద నమోదయ్యాయి. అదే కాలంలో, దేశంలో వ్యవసాయం మీద ఆధారపడిన కార్మికుల వాటా 2018-19లోని 42.5 శాతం నుంచి 2020-21లో 46.5 శాతానికి పెరిగింది. అభివృద్ధి చెందే ఏ దేశంలోనైనా తగ్గుతూ పోవలసిన అంకె ఇది. పట్నాలు మళ్ళీ తెరుచుకున్న తర్వాత కూడా అది పాత స్థాయికి దిగలేదు, 2023-24లో 46.1 శాతం దగ్గరే ఉంది. వెనక్కి వచ్చినవాళ్ళను పొలం పిలిచిందని కాదు. ఇంకెక్కడా చోటు దొరకనివాళ్ళను వద్దనే అలవాటు దానికి లేదు.

మొదట చెప్పిన ఎదురు రైలు విషయంలో ఒక మాట మిగిలింది. ఖగరియా నుంచి వచ్చిన హమాలీ చదువు లేనివాడు కాబట్టి, ఆశలు లేనివాడు కాబట్టి బస్తా ఎత్తుతున్నాడనుకోవడం మరో పొరపాటు. ఆ బీహార్‌లోనే 2022 జనవరిలో రైల్వే ఉద్యోగాల పరీక్ష మీద అభ్యర్థులు పట్టాల మీదికి వచ్చారు, గయలో రైలు పెట్టెలకు నిప్పంటుకుంది. ఆ ముప్పై అయిదు వేల పోస్టులకు కోటీ పాతిక లక్షల మంది దరఖాస్తు చేసి ఉన్నారు. అయిదు నెలల తర్వాత, జూన్ 17న, సైనికులను నాలుగేళ్ళ కాలానికి తీసుకునే అగ్నిపథ్ పథకం వల్ల సైన్యంలో చేరే దారి మూసుకుపోయిందని సికింద్రాబాద్ స్టేషన్‌లో చేరిన తెలంగాణ, ఆంధ్ర పల్లెల యువకులు రైలు పెట్టెలు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు కొడుకు చనిపోయాడు. రోజూ తెల్లవారుజామున ఊరి రోడ్డు మీద పరుగు పెడుతూ సైనిక నియామక ర్యాలీ కోసం ఏళ్ళుగా ఎదురు చూసిన వాళ్ళు వాళ్ళు. ఆ జూన్‌లో వాళ్ళ ఊళ్ళలో వానాకాలం నాట్లకు నారు పోస్తున్నారు, నాటడానికి గుంపుల కోసం బీహార్‌కు ఫోన్లు వెళ్తున్నాయి.